మడి సరే, మడికి జాగా ఏది?

పొన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో కూలికి పోయే ఏ పెద్దమ్మనైనా కాసేపు కూర్చోబెట్టి అడగండి, ముప్ఫయ్యేళ్ల కిందట కూరకి రోజూ డబ్బు పెట్టేవాళ్లా అని. నవ్వుతుంది. కలుపుకి పోతే కలుపుతో పాటే కూరొచ్చేదని చెబుతుంది. పొన్నగంటి, గంగవావిలి, గలిజేరు గట్ల మీద మొలిచేవి. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కొంగు నిండేది. కాలవ కట్టేసిన రోజుల్లో జెల్లలో, ఇంగిలాయిలో, నత్తలో దొరికేవి. కోతలయ్యాక పరిగె ఏరుకుంటే నాలుగు రోజుల గింజలు. "ఇప్పుడు మందు కొట్టినాక గట్టు మీద గడ్డే మొలవట్లా, కూరెక్కడ్నించి వొచ్చిద్ది అబ్బాయా?" అని ఎదురు అడుగుతుంది.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే పెరటి తోటల పథకాల గురించి మాత్రమే మాట్లాడితే చాలదు. డెల్టాలో పంట ఎట్లా మారింది, పని ఎట్లా పోయింది, భూమి ఎవరి చేతిలో ఉంది అన్న మూడు సంగతులూ కలిపి చూడాలి.

పొలం మారింది, పళ్లెం మారింది

1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయిన దగ్గర్నించి ఈ పడమటి డెల్టా వరిసీమ అయింది. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల పెట్టారు. 1986లో అక్కడి పరిశోధన నుంచే బి.పి.టి. 5204, మనం సాంబమసూరి అనే వడ్లు బయటికొచ్చి దేశమంతా పాకాయి. అంటే ఈ ప్రాంతం సాగు చదువుకి కొత్తది కాదు, విత్తనానికీ కొత్తది కాదు.

వరి కోతకి రెండు మూడు రోజుల ముందు తడి పొలంలో మినుమో, పెసరో చల్లి, వరి కోశాక ఆ పదును మీదనే అపరాలు పండించడం ఇక్కడి రైతు కనిపెట్టుకున్న తెలివి. భూమికి బలం, ఇంట్లోకి పప్పు, పశువుకి కట్టె. కూలీలకి పీకుళ్ల పని. తరవాత పల్లాకు తెగులు ముమ్మరమైంది, బంగారు తీగ అల్లుకుంది, మినుము దెబ్బతిన్నది. గత రెండు దశాబ్దాల్లో చాలాచోట్ల దాని స్థానంలో దున్నకుండా వేసే మొక్కజొన్న, జొన్న వచ్చాయి. దున్నని పొలంలో కలుపుని చంపేది మందే. మొక్కజొన్న యూరియా బస్తాల మీద నడిచే పంట.

వరిలోనూ అంతే. నాట్లకి బదులు వెద పద్ధతి, కలుపు తీతకి బదులు కలుపు మందు, కొడవలికి బదులు కోత మిషను. రైతు వైపు నుంచి చూస్తే ఖర్చులు తట్టుకోలేక చేసిన పని. కౌలుదారుడైతే ఆ గతి ఇంకా తప్పదు. అయితే నష్టం ఎవరి మీద పడింది? నాట్లు, కలుపు, కోత మూడూ ప్రధానంగా ఆడవాళ్ల పనులు. ఆ మూడూ తరిగిపోయాయి. కలుపు మందు ఒక్కటే రెండు దెబ్బలు కొట్టింది. కూలీ తీసేసింది, గట్టు మీది కూరా తీసేసింది. కూలి డబ్బు తగ్గినప్పుడు ఆదుకునేది గట్టు కూర. ఇప్పుడు రెండూ ఒకేసారి పోయాయి.

ఫలితం సర్కారు లెక్కల్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం. అన్నపూర్ణ అని పేరుపడిన రాష్ట్రంలో సగం మందికి పైగా తల్లుల ఒంట్లో సరిపడా రక్తం లేదు. బియ్యం ఉన్నాయి. రేషను బియ్యంతో కడుపు నిండుతుంది. పక్కన వెయ్యాల్సిన పప్పు, ఆకుకూర, కాయగూర ఏవి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన సలహా ప్రకారం మనిషికి రోజుకి 400 గ్రాముల కాయగూరలు, ఆకుకూరలు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకి కిలో 600 గ్రాములు, నెలకి 48 కిలోలు. సంతలో కొనే ధరతో లెక్క వేసుకోండి. నెలలో సగం రోజులు పని దొరకని కూలి ఇంట్లో అది సాధ్యమేనా?

సర్కారు చెప్పే మందు

ఈ జబ్బుకి మందు తమ దగ్గరుందని ప్రభుత్వాలు అంటున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సాగు కార్యక్రమం నడుపుతున్నది. దాని కేంద్రం మన గుంటూరులోనే. ఘన జీవామృతం, ద్రవ జీవామృతం, వానలకి ముందే నవధాన్యాలు చల్లడం, పెరటి తోటలు, డ్వాక్రా సంఘాల ద్వారా ప్రచారం, సాగు చేసి చూపించిన రైతే పక్క రైతుకి నేర్పడం దాని పద్ధతులు. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమానికి మరో ఇద్దరితో కలిపి వచ్చింది.

ఇందులో మంచి ఉన్నదని ఒప్పుకోవాలి. రైతు రైతుకి నేర్పడం మంచి పద్ధతి. పురుగు మందు అప్పు తగ్గితే రైతుకి మేలు. మందు కొట్టే కూలీ ఒంటికి ఇంకా మేలు. మందు డబ్బా వీపున మోసేది కూలీయే కదా. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2004లోనే పురుగు మందుల్లేని ఊరుగా ప్రకటించుకుంది. అప్పటి వరంగల్ జిల్లా ఏనబావి 2006లో మొత్తం సేంద్రియ గ్రామమైంది. మనకి దగ్గర్లో కొల్లిపర మండలం అత్తోటలో రైతులు పాత దేశవాళీ వరి విత్తనాలు కాపాడుకుంటున్నారు. కాబట్టి ఇది జరగని పని కాదు.

కాని లెక్కలు చూద్దాం. 2018లో రాష్ట్ర ప్రభుత్వం 2024 నాటికి 60 లక్షల మంది రైతుల్ని ఈ సాగులోకి తెస్తానని ప్రకటించింది. ఆ సంవత్సరం వచ్చేసరికి కార్యక్రమం చెప్పుకున్న సంఖ్య సుమారు 10 లక్షలు. మిగతావాళ్లు ఎందుకు రాలేదు? రైతు మొండివాడు గనకనా? కాదు. నేల బాగుపడాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. ఏడాది కౌలు మీద నడిచే రైతు వచ్చే ఏడాది ఆ పొలం తనకుంటుందో లేదో తెలియకుండా పరాయి నేలకి ఎరువు ఎందుకు పోస్తాడు? 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తామని చెప్పి, దానికి యజమాని సంతకం ఉండాలని మెలిక పెట్టింది. సంతకం పెట్టే యజమానులెందరో మన పల్లెల్లో అందరికీ తెలుసు.

కేంద్రం సంగతి చూస్తే, 2024 నవంబరులో ఆమోదించిన ప్రకృతి సాగు జాతీయ మిషన్‌కి మొత్తం కేటాయింపు 2,481 కోట్ల రూపాయలు. 2022-23 ఒక్క ఏడాదిలో ఎరువుల సబ్సిడీ ఖర్చు సుమారు రెండున్నర లక్షల కోట్లు. ఒక ఏడాది ఎరువుల ఖర్చులో నూటికి ఒక రూపాయి పెట్టి దేశపు సాగు మారుస్తామంటే నమ్మేదెట్లా?

అట్లాగని సబ్సిడీ ఒక్కసారిగా కొయ్యమని మనం అనడం లేదు. శ్రీలంక ప్రభుత్వం 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి నిషేధించింది. పంటలు పడిపోయాయి, రైతులు రోడ్డెక్కారు. ఆ ఏడాది చివరికల్లా నిషేధం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నేర్పకుండా, ఆదుకోకుండా, పైనుంచి హుకుం వేస్తే సాగు మారదు, జనం మాడతారు. జీవామృతం ఒక్కటే పంటకి కావాల్సిన బలమంతా ఇస్తుందన్న అతి ప్రచారం కూడా మంచిది కాదు. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ విషయం మీదే అభ్యంతరం చెప్పింది. జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట, అపరాల పంట మార్పిడి, పశువుల ఎరువు, ఆకు అలుము అన్నీ కలిస్తేనే నేల లేస్తుంది. మన తాతలకి ఇది తెలిసిన సంగతే.

సెంటున్నరలో ఏం పండుద్ది?

కూలీ సంగతికి వద్దాం. భూమి లేనివాళ్లు పెరట్లో పోషకాల తోట వేసుకోండి అని అధికారులు చెబుతారు. పెరడు ఏది? 2020లో పల్లెల్లో పేదలకిచ్చిన ఇంటి స్థలం సెంటున్నర, అంటే 72 గజాల పైచిల్లర. అందులో కట్టే ప్రభుత్వపు ఇల్లు 340 చదరపు అడుగులు, సుమారు 38 గజాలు. మిగిలిన 35 గజాల్లోనే మరుగుదొడ్డి, మెట్లు, నడవా, గొడ్డో మేకో. ఒక మునగ చెట్టు, గోడ మీదికి ఒక బీర పాదు, రెండు తట్టల్లో తోటకూర వేసుకోవచ్చు. వేసుకోవాలి కూడా. మునగాకు ఊరికే దొరికే మంచి కూర. కాని నెలకి 48 కిలోల లెక్క అక్కడ తేలదు. పట్టణంలో సెంటు స్థలం ఇచ్చినచోట ఆ మాత్రమూ లేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామన్నది. ఆ మాట నిలబడేట్టు చూడటం కూడా కూర పోరాటంలో భాగమే.

అందుకే ఉమ్మడి మడి మాట. ఊళ్లో చెరువు గట్టు పక్క పోరంబోకు, బడి వెనక ఖాళీ, దేవాదాయ భూమిలో బీడు ముక్క, కాలవ దగ్గర పెద్దరైతు వదిలేసిన పది సెంట్లు ఇట్లాంటివి ఉంటాయి. ఒక ఇంటికి ఇవ్వనిది పది ఇళ్ల సంఘానికి అడగొచ్చు. ఒక్కతే నీళ్లు మోయలేదు, ఒక్కతే మేకల్ని కాయలేదు. పది మందికి వంతులు కుదురుతాయి.

చేతులు కలిపినచోట

ఇది ఊహ కాదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, కలిసి కౌలుకి తీసుకున్న బీడు నేలల్లో జొన్న, కంది, కొర్ర కలగలిపి పండించారు. విత్తనాలు ఇళ్లలోనే దాచుకుని ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు. పండిన తిండిగింజలు ఊరి నిధిగా నిలవచేసి పేద ఇళ్లకి పంచారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకి వచ్చింది. అక్షరం రాని కూలి స్త్రీలు శాస్త్రజ్ఞులకి పాఠం చెప్పిన చోటు అది.

2001-05 మధ్య తెలంగాణ జిల్లాల్లో మహిళా సమత సంఘాలు సుమారు 500 గ్రామాల్లో ఉమ్మడి సాగు చేశాయి. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ కింద వేలాది స్త్రీల బృందాలు కౌలు భూముల్లో కూరగాయలు, అరటి, వరి పండిస్తున్నాయి. ఈ రెంటినీ ఆర్థికవేత్త బీనా అగర్వాల్ పోల్చి చూశారు. కేరళ బృందాల దిగుబడి విలువ ఒంటరి రైతుల కంటే ఎక్కువ వచ్చింది. తెలంగాణలో దిగుబడి తక్కువే వచ్చింది, కాని కూలి ఖర్చు కలిసి రావడంతో నికర రాబడి సమానమైంది. తేడా ఎక్కడ? కేరళలో పంచాయతీ, బ్యాంకు, వ్యవసాయ శాఖ వెన్నంటి ఉన్నాయి. తెలంగాణలో సంఘాలకి దక్కింది నాసి మెట్ట నేల, పథకం గడువు తీరాక అండా లేదు. అంటే కలిసి సాగుచేస్తేనే సరిపోదు, వెనక అండ ఉండాలి. ఆ అండ అడిగి, పోట్లాడి తెచ్చుకునేది.

క్యూబా సంగతీ చెప్పుకోవాలి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి ఎరువులు, చమురు ఆగిపోయినప్పుడు హవానా నగరంలో ఖాళీ స్థలాలన్నీ కూరగాయల మళ్లయ్యాయి. అక్కడి ప్రభుత్వం చేసిన ముఖ్యమైన పని, భూమి యాజమాన్యం తనదిగానే ఉంచుకుని సాగు హక్కు పండించేవాళ్లకి ఇవ్వడం. కూరగాయల కొరత చాలా తగ్గింది. అయినా గింజలకి ఆ దేశం ఇప్పటికీ దిగుమతుల మీద ఆధారపడుతూనే ఉంది. తోటతో కూర తీరుతుంది, తిండి సమస్య మొత్తం తీరదు. అన్ని దేశాల అనుభవమూ ఇదే.

నిడుబ్రోలు పాఠం

సాగుదారులకి బడి అన్నది ఈ ఊరి మాటే. పొన్నూరులో కలిసిపోయిన నిడుబ్రోలులో ఎన్.జి. రంగా 1930ల్లో రైతాంగ విద్యాలయం నడిపారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు ఆయనే ప్రధాన కార్యదర్శి. 1937లో కొత్తపట్నంలో పెట్టిన రాజకీయ, ఆర్థిక పాఠశాలని ప్రభుత్వం నిషేధించింది. మట్టి మనిషి చదువుకుంటే పాలకులకి భయమని ఆనాడే తేలింది.

1959లో కాంగ్రెసు నాగపూరు మహాసభలో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం వచ్చింది. దానికి వ్యతిరేకంగా లేచిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడైందీ రంగాగారే. భూమి ఉన్న రైతుకి ఆ తీర్మానం తన భూమి లాక్కోవడంలా వినిపించింది. భూమి లేని కూలీకి అది ఎట్లా వినిపించిందో అడిగినవాళ్లు తక్కువ. ఈనాడు ఉమ్మడి మడి అంటే ఎవరి పట్టా భూమీ కలపమని కాదు. లేనివాళ్లు కలిసి కొంచెం సంపాదించుకోవడం. చిన్నరైతు దీనికి భయపడాల్సిన పని లేదు. కలుపు మందు అప్పు నుంచి బయటపడే దారి అతనికీ అక్కడే దొరుకుతుంది.

పది సెంట్ల మడి

ఎనిమిది ఇళ్లు, పది సెంట్లు అనుకుందాం. 484 గజాలు. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, కాబట్టి మూడడుగుల వెడల్పున ఎత్తు మళ్లు, మధ్యలో కాలి బాట. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర ఒకేసారి కాకుండా పదేసి రోజుల ఎడంతో చల్లాలి, అప్పుడే వారం వారం కోతకొస్తాయి. వంగ, బెండ, గోరుచిక్కుడు, మిరప మళ్లలో. సొర, బీర, కాకర ఒక పందిరికి. గట్టున మునగ, కరివేపాకు, బొప్పాయి. మధ్య మధ్య బంతి.

ద్రవ జీవామృతం ఎకరానికి 200 లీటర్లని చెబుతారు. పది సెంట్లకి అందులో పదో వంతు చాలు. 20 లీటర్ల నీళ్లలో కిలో పేడ, లీటరు ఆవు పంచితం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పు పిండి, మందు పడని గట్టు మట్టి పిడికెడు. నీడన పెట్టి పొద్దున్నా సాయంత్రమూ కలియబెడితే రెండు రోజుల్లో తయారు. పురుగుకి వేపగింజల కషాయం. నేల ఎండకి వదలకుండా గడ్డి, ఆకు పరవాలి. మంచి మొక్కకి మంచి కాయ ఒకటి కొయ్యకుండా ఎండనిచ్చి విత్తనం తియ్యాలి. హైబ్రిడ్ అయితే విత్తనం నిలవదు, నాటు రకమే వెతుక్కోవాలి.

వేసవిలో కాలవ కట్టేస్తారు. తీరం వైపు పోయేకొద్దీ భూమిలో నీరు ఉప్పుగా ఉంటుంది. కాబట్టి జాగా అడిగేటప్పుడే నీళ్లూ అడగాలి. వంతుల పుస్తకం పెట్టాలి. ఎవరు ఎన్ని పూటలు చేశారో రాసి, పంపకం దాని ప్రకారం చేస్తే తగువు రాదు. ముసలివాళ్లకి, బాలింతలకి పూట చెయ్యకపోయినా వాటా ఉండాలి. అది ముందే రాసుకోవాలి. ఈ తోట సగం కూరగాయల కోసం, సగం ఈ అలవాటు కోసం.

ఒక హెచ్చరిక

పగలంతా కూలి చేసి వచ్చిన ఆడమనిషికే మళ్లీ తోట పని చుట్టి, పోషకాహారం మీ బాధ్యతే అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు. తోట కూలికి బదులు కాదు. రేషనుకి బదులు కాదు. అంగన్‌వాడీ గుడ్డుకి బదులు కాదు. వాటికి తోడు. ప్రకృతి సాగులో పొలం పని పెరుగుతుందని చెబుతున్నారు. మంచిదే. ఆ పెరిగిన పనికి కూలి ఎంత, ఎవరిస్తారు అన్న మాట కూడా అక్కడే తేలాలి. కలుపు మందు మానేసిన రైతుకి కలుపు తీత ఖర్చు ప్రభుత్వం పంచుకుంటే రైతూ నిలుస్తాడు, కూలీ నిలుస్తుంది. లేకపోతే రైతు మందు మానడు, కూలీకి పని రాదు, గట్టు మీద కూర మొలవదు.

కనక మన సంఘాలు గ్రామసభల్లో పెట్టాల్సిన కోర్కెలు స్పష్టంగానే ఉన్నాయి. ఊళ్లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ, దేవాదాయ, పంచాయతీ జాగాల జాబితా చదివి వినిపించాలి. కూలి స్త్రీల బృందాలకి వాటిని కనీసం అయిదేళ్ల సాగు హక్కుతో, నీటి వసతితో ఇవ్వాలి. కౌలు కార్డుకి యజమాని సంతకం అడ్డు కాకూడదు. ప్రకృతి సాగు నేర్పేవాళ్లని కూలి ఇళ్లలోంచి కూడా ఎంచి, వాళ్లకి జీతమివ్వాలి. అంగన్‌వాడీకి, బడి భోజనానికి కావాల్సిన కూర ఈ మళ్ల నుంచి మంచి ధరకి కొనాలి.

అర్జీ పెట్టినంత మాత్రాన జాగా రాదని మనకి తెలుసు. అయినా ఈ తొలకరికి ఊరికొక్క మడి మొదలుపెట్టి చూపిద్దాం. పది సెంట్లలో పండించి చూపినవాళ్లు ఎకరం అడిగితే కాదనడం కష్టం. గట్టు మీద పొన్నగంటి మళ్లీ మొలవాలంటే ముందు ఆ గట్టు మీద కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ ఆదివారం ఎవరి గడపలో కూర్చుందాం?